పచ్చిగా కట్టిన కట్ట

ఆ ఆఫీసులో నేను చేరింది మొక్కల మీద ప్రేమతో కాదు. అక్కడున్న ఒక మనిషి తలెత్తుకోలేకుండా చెయ్యాలని చేరాను. ఇంటర్వ్యూలో మాత్రం "ఎడారి మొక్కలంటే చిన్నప్పటినుంచీ ఇష్టం" అన్నాను. చిన్నప్పటినుంచీ మాకు ఎడారంటే ఊరి చివర మొదలయ్యే ఇసుక, కంట్లో పడే దుమ్ము, అన్నయ్య జీపు వెళ్ళే దారి. అంతకుమించి ఏమీ లేదు.

ఆ మనిషిని ఆఫీసులో అందరూ రంగుల సారు అంటారు. ఎదురుగా కాదులెండి. ఎడారి మొక్కల సర్వే శాఖకు ఆయన అధిపతి. ఎండబెట్టిన మొక్కలో కూడా కోసిననాటి రంగు నిలవాలని ఆయన పట్టుదల. ఆ పట్టుదలకే ఆ పేరు వచ్చింది.

మా అన్నయ్య ఆ శాఖలో జీపు డ్రైవరుగా ఉండేవాడు. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచిందీ చదివించిందీ అన్నయ్యా వదినా. నేను హైస్కూల్లో ఉండగా ఒక ఏడాది ఎడారిలో గట్టి వాన పడింది. సారు బృందాన్ని వెంటేసుకుని వెళ్ళి కట్టలకొద్దీ మొక్కలు తెచ్చాడు. కట్ట అంటే రెండు చెక్క పలకలు, వాటి మధ్య కాగితాలు, ఆ కాగితాల మధ్య మొక్కలు. పైనుంచి తోలు పట్టీలు వేసి బిగిస్తారు. ఆ బిగువుకి మొక్క అణిగి, ఎండి, కాగితంలాగే పలచబడుతుంది. అలా ఎండినది మనకంటే ఎక్కువ కాలం ఉంటుంది. ఆ ఏడాది మాత్రం ఆఫీసులో కట్టలు విప్పితే లోపల అంతా కుళ్ళు, బూజు. పనికొచ్చే మొక్క ఒక్కటీ దక్కలేదు.

"డ్రైవరు నీళ్ళ డబ్బాలు కట్టల మీద పెట్టాడు. అవి కారి కట్టలు తడిశాయి," అన్నాడు సారు.

తడపలేదన్నాడు అన్నయ్య. డ్రైవరు మాటనీ సారు మాటనీ పక్కపక్కన పెడితే ఏది చెల్లుతుందో చిన్నపిల్లలకైనా తెలుసు. అన్నయ్యను తీసేశారు. ఆ కబురు ఊళ్ళో మిగిలిన ఆఫీసులకూ పాకింది. స్టీరింగు ఇచ్చేవాళ్ళు లేక, ఇంటి ముందు గదిలోనే పంక్చర్ల దుకాణం పెట్టుకున్నాడు. టైర్లకు వచ్చినవాళ్ళకు కూడా కథ తెలుసు. అన్నయ్య ట్యూబు పట్టుకుని తొట్టి దగ్గర కూర్చోగానే ఎవడో ఒకడు అనేవాడు, "తడపడంలో నీ తర్వాతేనయ్యా ఎవరైనా." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. అన్నయ్య కూడా నవ్వి, ట్యూబును నీళ్ళలో ముంచి బుడగల కోసం చూసేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవి. కొన్నాళ్ళకు 'తడుపు డ్రైవరు' అనేదే ఆయన పేరైపోయింది. దారి అడిగినవాళ్ళకు మా ఇంటి గుర్తు కూడా అదే చెప్పేవాళ్ళు.

నాకు కావలసింది ఒక్కటే. ఆ పేరు పోవాలి. పెట్టినవాడి నోటితోనే పోవాలి.

కాలేజీలో ఏం చదవాలన్న మాట వచ్చినప్పుడు వదిన నా జడ వేస్తూ అంది: "మొక్కల చదువే చదువు. ఆ పెద్దమనిషి కళ్ళముందే కూర్చుని, ఆయన గొయ్యి ఆయనతోనే తవ్వించు. పార మాత్రం నువ్వు అందించు, మర్యాదగా ఉంటుంది."

"దానికి చదువు చెప్పిస్తున్నామా, పగ నేర్పిస్తున్నామా?" అన్నాడు అన్నయ్య.

"రెండూ ఒకే ఫీజుకి వస్తుంటే మీకేం నొప్పి?"

మా ఇంట్లో పట్టా చేతికి తీసుకున్న మొదటిదాన్ని నేను. దాన్ని వదిన చీర మడతల్లో దాచింది. ఆ ఏడే ఎడారి మొక్కల శాఖలో సహాయకురాలిగా చేరాను. సారు నన్ను పోల్చుకుంటాడేమోనని మొదటివారం భయపడ్డాను. అనవసరపు భయం. అన్నయ్య పేరు కూడా ఆయనకు గుర్తులేదు. డ్రైవరును డ్రైవరనే పిలిచేవాడట.

మా పనిగదిలో రేకు బీరువాలు వరసగా ఉంటాయి. తలుపు తీస్తే కలరా ఉండల వాసన ముక్కుపుటాలు అదరగొడుతుంది. మొక్కలకు చీటీలు రాసేది ఒక పెద్దావిడ. ఆవిణ్ణి చీటీల అక్క అనేవాళ్ళం. చేతివ్రాత ముత్యాల్లా ఉంటుంది, నోరు మాత్రం వేపాకు.

"ఇన్ని బీరువాలెందుకక్కా? ఎడారిలో నాలుగు జెముళ్ళేగా ఉండేది," అన్నాను చేరిన కొత్తలో.

"చదువుకున్నదానివి, నువ్వే అనాలి ఆ మాట. వాన పడనీ, అప్పుడు మాట్లాడదాం," అంది అక్క, తల ఎత్తకుండా.

వాన రెండేళ్ళ దాకా పడలేదు. ఎండలోనే సర్వేకి తీసుకెళ్ళేవాళ్ళు. జీపు నడిపేది ఇప్పుడు ఒక బాబాయ్. సొంత బాబాయ్ కాదు. అందరికీ బాబాయే. నడివయసు దాటినవాడు, దారిపొడుగునా పొడుపుకథలు వేసేవాడు, జవాబు తనకే గుర్తుండేది కాదు.

మొదటి ప్రయాణంలో నేను గులకరాళ్ళ నేల మీద నిలబడి నాలుగు దిక్కులూ చూశాను. ఒక్క ఆకు లేదు. ఇక్కడ ఏం రాసుకోవాలి అనుకుంటున్నాను. రంగుల సారు చేతికర్రతో నా చెప్పు దగ్గర తట్టాడు.

"కాలు తియ్యి అమ్మాయ్. మొక్క మీద నిలబడ్డావు."

చూస్తే రాళ్ళే. ఆయన వంగి ఒక రాయి పక్కన ఇసుక ఊదాడు. రాయి మధ్యలో సన్నని చీలిక కనపడింది. వేలితో నొక్కాను. మెత్తగా ఉంది. రెండంటే రెండే ఆకులు, ఒకదానికొకటి అతుక్కుని, పక్కనున్న రాళ్ళ రంగే పూసుకుని, భూమిలో మెడదాకా కూర్చున్నాయి. పైభాగం మాత్రం కాస్త మసక గాజులా ఉంది.

"కిటికీ అది. వెలుతురు అందులోంచి దిగి లోపలి పచ్చదనానికి అందుతుంది. పైకి వస్తే ఎవరో ఒకరు తినేస్తారని ఇల్లు భూమిలో కట్టుకుని, కిటికీ ఒక్కటే పైన పెట్టుకుంది," అన్నాడు సారు.

ఆ కాసేపు ఆయన మొహంలో గర్వం లేదు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడి మొహం. ఇన్నాళ్ళూ నేను పళ్ళు నూరిన మనిషే నాకు ఆ ఎడారిని చూపించాడు. ఆ సంగతి నాకు ఈనాటికీ మింగుడుపడదు.

అప్పటినుంచి నేల చూసి నడవడం అలవాటైంది. చచ్చి ఎండిందనుకున్న ఉండొకటి గాలికి దొర్లుకుంటూ వస్తుంది. దాని మీద నీళ్ళు చల్లితే గంట తిరక్కుండా పిడికిలి విప్పినట్టు తెరుచుకుంటుంది. ఆకులే లేని పచ్చటి పుల్లలు ఆకుల పని తామే చేస్తుంటాయి. పైన వేలెడు తీగ కనపడుతుంది, తవ్వితే కింద బిందెంత దుంప ఉంటుంది. ఉప్పు నేలలో ఒక పొద ఉప్పును ఆకుల మీదికి చెమటలా కక్కుకుంటుంది. నాకాను కూడా. నిజంగా ఉప్పే. ఇవన్నీ నేర్చుకుంటూ, ఇదంతా కత్తి నూరుకోవడమే అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

ఆ కత్తికి పదును వచ్చింది మాత్రం ఇంట్లో.

ఒకసారి దారిలో దొరికిన కండ మొక్క కొమ్మ ఒకటి ఇంటికి తెచ్చాను. కండ మొక్కలంటే ఆకుల్లోనే నీళ్ళు దాచుకునేవి. కలబందలాంటివి అనుకోండి. కరువేళ్ళలో ఆఫీసు వాళ్ళు వీటి జోలికి పోయేవాళ్ళు కాదు. ఎండుగడ్డీ పుల్లలూ తెచ్చి కట్టేవాళ్ళు, అవి చక్కగా అణిగేవి. నేను సాధన కోసమని ఆ కొమ్మను నా లావుపాటి పాఠ్యపుస్తకంలో పెట్టి, దాని మీద అన్నయ్య చక్రాలు విప్పే ఇనుప కడ్డీ పెట్టి, పనుల్లో పడి మర్చిపోయాను. చాలా వారాల తర్వాత అలమర సర్దుతూ వదిన పుస్తకం తెరిచింది.

"ఇదిగో, నీ మొక్క చావలేదు. పాఠాలు చదువుకుని పైకొచ్చినట్టుంది," అని పిలిచింది.

వెళ్ళి చూశాను. కొమ్మ పుటల మధ్య పాకుతూ పాలిపోయిన మొలక ఒకటి వేసింది. వెలుగు లేక తెల్లగా, పురుగులా ఉంది. రాలిన ఆకులు నల్లగా కుళ్ళి, తేమకి అటు పది పేజీలూ ఇటు పది పేజీలూ బూజు పట్టాయి. దుకాణంలోంచి అన్నయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈ వాసన," అన్నాడు. "ఆవేళ కట్టలు విప్పినప్పుడు ఇదే వాసన."

ఆ అలమరలోకి ఒక్క చుక్క నీళ్ళు పోలేదు.

మర్నాడు చీటీల అక్కను మెల్లగా కదిపాను. "అక్కా, కండ మొక్కల్ని కట్టేముందు ఏమన్నా చేస్తారా?"

"మరిగే నీళ్ళలో ఓసారి ముంచి తీసేవాళ్ళం. అప్పుడే వాటి ప్రాణం పోతుంది. లేకపోతే ఎంత బిగించినా లోపల బతికే ఉంటాయి, మొండి ఘటాలు. మన సారు వచ్చాక మాన్పించాడు, వేడినీళ్ళకి రంగు వెలిసిపోతుందని."

"తర్వాత ఆ కట్టలు కుళ్ళాయిగా ఓసారి?"

అక్క కలం ఆగింది. "కుళ్ళాయి. డ్రైవరు తడిపాడన్నారు. నేను చీటీలు రాసేదాన్ని తల్లీ, తీర్పులు కాదు."

అంతే సంగతి. తప్పు డ్రైవరు మీద వేశాడు గనక, అసలెందుకు కుళ్ళాయో సారు వెతకలేదు. ఇతరులను నమ్మించేముందు తనే ఆ అబద్ధాన్ని నమ్మేసినట్టున్నాడు. వేడినీళ్ళు వద్దన్న ఆజ్ఞ ఇన్నేళ్ళుగా అలాగే ఉంది.

ఇంటికొచ్చి చెబితే అన్నయ్య, "నేను తడపలేదని నాకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలిసింది. చాలు, వదిలెయ్ చెల్లాయ్," అన్నాడు.

"ఎలా వదిలేస్తుందండీ? ఇప్పుడేగా గొయ్యి ఎక్కడ తవ్వాలో తెలిసింది," అంది వదిన.

పుస్తకంలో మొలిచిన కొమ్మను తీసుకెళ్ళి ఎవరికి చూపించినా నవ్వి పొమ్మంటారు. సారు మళ్ళీ అదే పని చెయ్యాలి, మళ్ళీ అదే మాట అనాలి, వినవలసినవాళ్ళు ఎదురుగా ఉండాలి. నేను ఆయన మాటను అక్షరం జవదాటని ఉద్యోగినిగా ఉంటే చాలు. అది నాకు కష్టమేమీ కాదు. పుట్టి బుద్ధెరిగాక నేను చేసిందంతా అదే.

మరుసటి ఏడు వాన వచ్చింది. రాజధానిలో కొత్తగా పెట్టబోయే మొక్కల భాండాగారానికి అధిపతిని వెతుకుతున్నారనీ, నిపుణుల సంఘం మా సేకరణ చూడడానికి వస్తుందనీ కూడా అప్పుడే తెలిసింది. సారు కొత్త బూట్లు కొన్నాడు.

వాన వెలిసిన కొద్దివారాలకు బాబాయ్ జీపులో బయల్దేరాం. గుట్ట మలుపు తిరగ్గానే బాబాయ్ తనంతట తానే బండి ఆపేశాడు. ఎవరూ ఆపమనలేదు. నేను కాలు పెట్టిన గులకరాళ్ళ నేల కనపడలేదు. పసుపు, ఊదా, తెలుపు, ఎక్కడపడితే అక్కడ. దూరానికి ఒక్క బట్టలా ఉంది. దిగి మోకాళ్ళ మీద కూర్చుంటే అందులో ఏ రెండు పూలూ ఒక జాతివి కావు. గోరంత మొక్కలు. వాటికి తీరిక లేదు. తడి ఆరేలోగా మొలవాలి, పూయాలి, గింజ రాల్చాలి, పోవాలి. ఆ గింజ మళ్ళీ వానదాకా ఎన్నేళ్ళయినా ఇసుకలో ఎదురుచూస్తుంది. దాన్ని చూస్తే నాకు చుట్టాన్ని చూసినట్టనిపించింది. ఇసుకను తోసుకుని ఆకూ పచ్చదనమూ లేని మొగ్గొకటి లేచింది. పక్క పొద వేళ్ళను పీల్చి బతికే మొక్క అది. విచ్చుకుని కుళ్ళిన మాంసంలా కంపు కొడుతుంటే ఈగలు పరమానందంగా ముసిరాయి. నేను చెప్పుతో నిలబడ్డ రాయి మొక్కలు కూడా చీలికల్లోంచి పూలు పెట్టాయి, ఒళ్ళంతకంటే పెద్ద పూలు.

ఎడారిని బీడు అన్నవాళ్ళందరి తరఫునా నాకు సిగ్గేసింది. వాళ్ళలో నేనూ ఉన్నాను.

గుట్ట నీడలో రాయి మొక్క ఒకటి వేరుగా కనపడింది. అన్నీ తెల్లగానో పసుప్పచ్చగానో పూస్తే, ఇది ఎర్రమట్టి రంగులో పూసింది. చుట్టుపక్కల ఎంత వెతికినా అలాంటిది ఇంకోటి లేదు. సారును పిలిచాను. ఆయన వచ్చి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తర్వాత, "ఈ రంగు పోకూడదు," అన్నాడు.

డేరా దగ్గర కట్టలు కట్టే పని మొదలైంది. బృందమంతా ఉంది. నేను పొయ్యి మీద మరుగుతున్న గిన్నె చూపించి అడిగాను.

"సార్, కండ మొక్కల్ని వేడినీళ్ళలో ముంచమంటారా?"

"మొక్కలు ఎండబెట్టడానికొచ్చావా, వంట చెయ్యడానికొచ్చావా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"ముంచకపోతే కుళ్ళుతాయేమోనని, సార్."

"నీళ్ళు తగిలితే కుళ్ళుతాయి. ముందు ఒక డ్రైవరు నాకు ఆ పాఠం చెప్పాడు. నువ్వు కొత్తగా చెప్పక్కర్లేదు."

రెండుసార్లు అడిగాను. అడగడం నా ధర్మం, అది తీరిపోయింది. "అలాగే సార్. నేర్చుకోడానికి నేనొక కట్ట వేరే కట్టుకోవచ్చా?" అన్నాను.

"కట్టుకో. నీ వంట నువ్వు చేసుకో."

ఒకే పొద నుంచి రెండేసి కొమ్మలు కోసి, ఒకటి ఆయన కట్టలో పచ్చిగా పెట్టాను. రెండోది వేడినీళ్ళలో ముంచి నా కట్టలో పెట్టాను. ఎర్రమట్టి రంగు పూవు ఒక్కటే ఉంది గనక ఆయన కట్టలోకే పోయింది. నా చేతులు కాసేపు తటపటాయించాయి. కానీ అందరికంటే ముందు ఆయన చూపించబోయేది దాన్నే. ఎర లేకుండా గాలం ఎందుకు? పెట్టి, పట్టీ బిగించాను. కట్టలన్నీ ఒకే జీపులో, ఒకే టార్పాలిన్ కింద వచ్చాయి. నీళ్ళ డబ్బాలు వెనక వేరే అరలో ఉన్నాయి. రోజూ కాగితాలు మార్చాను. ప్రయాణం ముగిసేదాకా ఆయన కట్టలో పూలు ధగధగలాడుతూనే ఉన్నాయి.

"చూశావా రంగు," అన్నాడు సారు.

చూశాను. చావనిదానికి రంగెక్కడికి పోతుంది? నా కట్టలోవి అప్పటికే గోధుమరంగుకి తిరిగి, ఎండుటాకుల్లా గలగలమంటున్నాయి.

ఆఫీసుకు వచ్చాక, "ఇక గట్టిగా బిగించి మూసెయ్యి. సంఘం వచ్చిననాడు వాళ్ళ ఎదురుగా నేనే విప్పుతాను," అన్నాడు. బిగించాను. ఆ వారాలన్నీ చీటీల అక్క నా వైపు కళ్ళద్దాల మీదుగా చూసేది. ఏమీ అడగలేదు. నేను చెప్పలేదు.

సంఘం వచ్చింది. దానికి పెద్ద ఒక తెల్లజుట్టు మేడమ్. బల్ల మీద తెల్లగుడ్డ పరిచాం. అందరికీ టీలు ఇచ్చాం. సారు, "ఈ ఎడారి పూసిన రంగులు మీరు ఇప్పుడే చూస్తారు," అని పట్టీ విప్పాడు.

ముందు వాసన వచ్చింది. మేడమ్ టీ కప్పు కింద పెట్టేసింది. కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. సారు చేత్తో లాగితే చిరిగి, నల్లటి జిగురు తెల్లగుడ్డ మీద పడింది. ఒకచోట పాలిపోయిన మొలక బూజులోంచి వంకరగా పైకి చూస్తోంది. ఎర్రమట్టి పూవున్న కాగితంలో తడి మరక తప్ప ఏమీ లేదు. దాన్ని అందులో పెట్టి పట్టీ బిగించింది నేనే. అయినా కళ్ళు తిప్పుకోలేదు. ఆయన మొహం చూడాలి గనక.

ఆయన మొహం మొదట ఖాళీగా ఉంది. తర్వాత అందులోకి ఏదో వచ్చింది. అది ఏమిటో నాకు తెలుసు.

"డ్రైవర్ని పిలవండి."

బాబాయ్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నీళ్ళ డబ్బాలు కట్టల మీద పెట్టావు," అన్నాడు సారు.

"లేదు సార్. డబ్బాలు వెనక అరలో ఉన్నాయి."

"అబద్ధం చెప్పకు. అవి కారి కట్టలు తడిశాయి. ముందు వాడూ ఇంతే చేశాడు."

బాబాయ్ చేతులు జోడించబోయాడు. నేను ఇంకా ఆగాను. ఆ మాట పూర్తవ్వాలి, అందరూ వినాలి. మేడమ్ బాబాయ్ వైపు తిరిగాక అప్పుడు నా కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాను.

"ఇది కూడా అదే జీపులో, అదే టార్పాలిన్ కింద వచ్చింది మేడమ్. అవే మొక్కలు, అదే రోజు కోసినవి," అని విప్పాను.

పొడిగా, పలచగా, వరసగా ఉన్నాయి. రంగు లేదు. కానీ ఆకు ఆకూ, ఈనె ఈనే లెక్కపెట్టుకోవచ్చు. మేడమ్ ఒక కొమ్మను వెలుతురుకి పట్టుకుని చూసింది.

"దీన్ని వేడినీళ్ళలో ముంచావు కదూ?"

"అవునండి."

"అవి?"

"ముంచవద్దన్నారు సారు. రెండుసార్లు అడిగాను. బృందమంతా విన్నారు."

"ఆ ఆజ్ఞ సారు వచ్చిననాటినుంచీ ఉన్నదేనండి," అంది చీటీల అక్క, ఎవరూ అడక్కుండానే. "ముందు డ్రైవరు ఉన్నప్పుడు కూడా."

సారు నా వైపు, మొదటిసారి నన్ను చూస్తున్నట్టు చూశాడు.

"ఎవరు నువ్వు?"

"ఆ ముందు డ్రైవరు చెల్లెల్ని సార్."

ఆ మాట చెప్పడానికి ఎన్నేళ్ళు ఎదురుచూశానో. చెప్పాక ఎంత తియ్యగా ఉందో కూడా చెబుతాను, దాచడమెందుకు. చాలా తియ్యగా ఉంది.

మేడమ్ వెళ్ళేముందు పాత సంగతి కూడా తిరగతోడమని చెప్పి వెళ్ళింది. నేను బాబాయ్‌ని వెతుక్కుంటూ వెళ్ళాను. జీపు బానెట్ ఎత్తి ఊరికే లోపలికి చూస్తున్నాడు.

"బాబాయ్, మీ మీదికి రానిచ్చేదాన్ని కాదు. నా దగ్గర రుజువుంది."

"నీ దగ్గర ఉందమ్మా. నా దగ్గర లేదుగా," అన్నాడు. "ఆయన నన్ను అంటాడని నీకు ముందే తెలుసు. తెలిసి కూడా ఒక్కమాట చెప్పలేదు. అక్కడ నిలబడినంతసేపూ నాకు నా పిల్లలు కనపడ్డారు."

"చెబితే మీ మొహంలో తెలిసిపోయేది."

"తెలిసిపోయేది. నిజమే." బానెట్ మూశాడు. "నువ్వూ ఆయన దగ్గరే పని నేర్చుకున్నావు, పోనీలే."

తర్వాత ఎన్ని ప్రయాణాలు చేశామో, బాబాయ్ నాతో పొడుపుకథ వెయ్యలేదు. నాకు దక్కినదానికి అది నేను చెల్లించింది. బేరం ఇంకోలా కుదిరేదా అని కొన్నిసార్లు ఆలోచిస్తాను. కుదిరేది కాదనే అనిపిస్తుంది. అనిపించడం నాకు సుఖం కూడా.

రాజధాని పదవి వేరేవాళ్ళకు పోయింది. పాత సంగతి మీద విచారణ మొదలైంది. అప్పుడు ఒక ఆదివారం ఉదయం మా దుకాణం ముందు కారు ఆగింది. రంగుల సారు దిగాడు. బూట్లు అవే, కొత్తవి.

అన్నయ్య ట్యూబు ఒకటి తొట్టిలో ముంచి ఉన్నాడు. తలెత్తి చూశాడు గానీ లేవలేదు. చుట్టూ టైర్ల కోసం వచ్చినవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. నేనూ వదినా లోపలిగుమ్మంలో నిలబడ్డాం.

"నీతో మాట్లాడాలి," అన్నాడు సారు.

"ఈ పని కానివ్వండి."

ఆయన ఎండలో నిలబడ్డాడు. అన్నయ్య తొందరపడలేదు. ట్యూబును చుట్టూ తిప్పి బుడగ పట్టాడు, తుడిచాడు, గీకాడు, జిగురు రాశాడు, అది ఆరేదాకా ఊదాడు. అన్నయ్య అంత నెమ్మదిగా పంక్చరు వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. వదిన కుర్చీ తేబోతున్నట్టు లోపలికి వెళ్ళి, ఉత్తచేతులతో తిరిగొచ్చింది.

"ఇప్పుడు చెప్పండి."

"విచారణకి నిన్ను పిలుస్తారు. ఎప్పటిదో విషయం, ఇప్పుడు ఎవరిమీదా ఏమీ లేదు అని నువ్వొక్క మాట అంటే..."

"ఆ కట్టలు నేను తడిపానా సార్?"

సారు చుట్టూ ఉన్నవాళ్ళను చూశాడు. "లేదు," అన్నాడు.

"నాకు వినపడలేదండీ," అంది వదిన గుమ్మంలోంచి. "పొయ్యి మీద ఏదో చిటపటలాడుతోంది."

పొయ్యి వెలిగించనేలేదు.

"నువ్వు తడపలేదు," అన్నాడు సారు, ఈసారి గట్టిగా. "తప్పు నాది. వేడినీళ్ళు వద్దన్నది నేను."

టైర్ల కోసం వచ్చినవాళ్ళలో ఒకడు, ఆ తడుపు మాట అందరికంటే ఎక్కువసార్లు అన్నవాడు, ఉన్నట్టుండి తన చక్రం బోల్టులు లెక్కపెట్టుకోవడం మొదలెట్టాడు. అన్నయ్య చెవుల వైపు చూశాను. మామూలు రంగులోనే ఉన్నాయి.

"ఇక్కడ చెప్పిందే అక్కడా చెప్పండి," అన్నాడు అన్నయ్య. "నన్ను అడిగినా నేనూ అదే చెబుతాను. ఉంటానండి, పనుంది."

సారు కారెక్కాడు. కారు వెనక్కి తిరిగింది. అన్నయ్య కళ్ళు ఎప్పటి అలవాటునో ముందు టైర్ల మీదికి పోయాయి. నా కళ్ళు కూడా పోయాయి. కుడివైపు టైరులో ముల్లు దిగి ఉంది. తెల్లటిది, లావుపాటిది, మొదలు దగ్గర ఇంకో ముల్లు విరిగిన గుర్తున్నది. గాలి ఇంకా పోవడం లేదు. ఊరు దాటి ఎండపట్టున ఇసుక దారిలోకి వెళ్ళాక పోతుంది.

కారు వీధి మలుపు తిరిగింది.

"చూశారుగా ముల్లు. చెప్పలేదేం?" అంది వదిన.

"నేనిప్పుడు ఆయన డ్రైవర్ని కాదుగా," అన్నాడు అన్నయ్య. తర్వాతి టైరు దగ్గరికి లాక్కుని నన్నడిగాడు, "ఏ చెట్టుదే అది?"

"ఎడారి వాగుల్లో పెరుగుతుందన్నయ్యా, తుమ్మ జాతి. ముళ్ళు జంటగా వస్తాయి. ఆకులు రాలి చెట్టు మోడైనా అవి మాత్రం పదును పోకుండా ఉంటాయి."

"మంచి చెట్టు," అన్నాడు.